పాత పక్షవాతానికి కొత్త స్ట్రోక్ కోడ్ ఎందుకు వేయకూడదు?

ప్రశ్న: అమెరికా వైద్య బీమా క్లెయిములకు మెడికల్ కోడింగ్, అంటే రోగాలకు ఐసీడీ-10-సీఎం కోడ్‌లు వేయడం, నేర్చుకుంటున్నాను. పోయినేడు స్ట్రోక్ వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయిన పేషెంటు ఇప్పుడు ఫిజియోథెరపీకి వచ్చాడు. స్ట్రోక్‌కు ఐ63.9, కుడి పక్క పక్షవాతానికి జీ81.91 వేస్తే క్లెయిమ్ తిరిగొచ్చింది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: తప్పు మొదటి కోడ్‌లోనే ఉందమ్మా. ఐ63 అంటే మెదడుకు రక్తం అందక ఇప్పుడే వచ్చిన స్ట్రోక్. ఆ చికిత్స ముగిసి డిశ్చార్జి అయ్యాక మిగిలిన లోపాలన్నీ ఐ69 కిందికే వస్తాయి. మీ పేషెంటుకు ఐ69.351 సరిపోతుంది. కారణం, పక్షవాతం, పక్క మూడూ అందులోనే ఉన్నాయి కాబట్టి జీ81.91 మళ్లీ వేయనక్కర్లేదు.

చివరి అంకె దగ్గరే చాలామంది పొరబడతారు. పేషెంటు ఏ చేతివాటమో డాక్టరు రాయకపోతే, కుడి పక్క పడితే వాటమున్న పక్కగా, ఎడమ పక్క పడితే వాటంలేని పక్కగా తీసుకోవాలి. అంటే ఎడమకు ఐ69.354. నోట్సులో ‘ఎడమచేతివాటం’ అని ఒక్క మాట ఉన్నా లెక్క తిరగబడుతుంది, అందుకే నర్సు రాసిందీ చదవండి, తేడా కనిపిస్తే డాక్టరును అడగండి.

ఏ లోపమూ మిగలకపోతే, గతంలో స్ట్రోక్ వచ్చిందని చెప్పే జెడ్86.73.

ఫిట్స్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త. ఒక్కసారి ఫిట్స్ వచ్చిందని మాత్రమే ఉంటే ఆర్56.9. ఓపీ నోట్సులో ‘మూర్ఛవ్యాధి కావచ్చు’ అని ఉంటే ఆ వ్యాధి కోడ్ జీ40 వేయొద్దు. అనుమానాన్ని రోగంగా రాస్తే అది ఆ మనిషి రికార్డులో ఏళ్లపాటు ఉండిపోతుంది.