రెస్పెక్ట్ అంటే గౌరవమేనా?

సందేహం: మా అబ్బాయి భౌతికశాస్త్రం పాఠాన్ని ఫోనులో తెలుగు చేయించుకుంటే, 'విత్ రెస్పెక్ట్ టు ది అబ్జర్వర్' అన్నచోట 'పరిశీలకుని పట్ల గౌరవంతో' అని వచ్చింది. నవ్వుకున్నాం గానీ అనుమానం మిగిలిపోయింది. ఒకే మాటకు ఇంత ఎడమైన అర్థాలు ఎలా వచ్చాయి? మనుషుల విషయంలో వాడినప్పుడైనా రెస్పెక్ట్‌ను గౌరవం అనాలా, మర్యాద అనాలా? 'గౌరవం ఇవ్వు' అనడం తెలుగేనా? ఆహ్వానపత్రాల్లో కనిపించే 'గౌరవ', 'గౌరవనీయ' ఒకటేనా?

సమాధానం: ఫోనును అంతగా ఆడిపోసుకోనక్కర్లేదు. నిఘంటువు తెరిచి, కంటబడ్డ మొదటి అర్థాన్ని అతికించి ఊరుకునే అనువాదకులు మనుషుల్లోనూ ఉన్నారు. ముందు ఆ మాట పుట్టుక చూద్దాం, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

లాటిన్‌లో 'రె' అంటే తిరిగి, వెనక్కి. 'స్పెకెరె' అంటే చూడటం. రెండూ కలిసిన 'రెస్పికెరె'కు వెనుదిరిగి చూడటం, పట్టించుకోవడం అని అర్థం. ఇన్‌స్పెక్షన్, సస్పెక్ట్, స్పెక్టకిల్ అన్నీ ఆ చూపు సంతానమే. సంస్కృతంలో 'చూస్తున్నాడు' అనే అర్థమిచ్చే 'పశ్యతి' కూడా దానికి దాయాదేనని భాషాశాస్త్రం చెబుతుంది. ఆ లెక్కన, మనం చూస్తుండగానే సొమ్ము కాజేసే పశ్యతోహరుడు ఇన్‌స్పెక్టరుగారికి దూరపు చుట్టమవుతాడు.

ఇంగ్లీషులోకి ఈ మాట 14వ శతాబ్దం చివర వచ్చింది. అప్పుడు దానికి సంబంధం, ఒకదాన్ని దృష్టిలో పెట్టుకోవడం అనే అర్థాలుండేవి. ఒక మనిషి యోగ్యత గుర్తించి అతణ్ణి పెద్దగా చూడటం అన్న అర్థం 16వ శతాబ్దం చివరికి గానీ స్థిరపడలేదు. కాబట్టి మీ అబ్బాయి పాఠంలో ఉన్నదే పెద్దన్న. మనం రోజూ వాడే రెస్పెక్ట్ దానికి తమ్ముడు.

ఆ పెద్దన్నకు తెలుగులో చాలాకాలంగా చక్కటి మాట ఉంది: దృష్ట్యా. గణితం పాఠ్యపుస్తకాల్లో 'ఎక్స్ దృష్ట్యా వై అవకలనం' అని చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. 'దృష్టి'కి తృతీయా విభక్తి చేర్చితే వచ్చిన రూపం దృష్ట్యా, అంటే 'చూపుతో' అని. లాటిన్‌వాళ్లు ఏ చూపుతో మాట కట్టారో, మనవాళ్లూ ఆ చూపుతోనే కట్టారు. ఇది అనువాదమో, కాకతాళీయమో, ఏదైనా అతికినట్టు సరిపోయింది. మీ పాఠంలోని మాట 'పరిశీలకుని దృష్ట్యా' అవుతుంది. వాడుకలోకి దిగితే ఇంకా ఉన్నాయి. నాణ్యత పరంగా, ధర విషయంలో, ఖర్చు చూసుకుంటే, ఆ మాటకొస్తే. 'ఇన్ దిస్ రెస్పెక్ట్' అన్నదానికి 'ఈ విషయంలో' చాలు. 'ఇన్ ఆల్ రెస్పెక్ట్స్' అంటే 'అన్ని విధాలా', లేదా ఒక్క ముక్కలో 'అన్నిటా'.

ఇర్రెస్పెక్టివ్ సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. దాన్ని 'తో నిమిత్తం లేకుండా' అని రాస్తున్నారు, తప్పేమీ లేదు. కానీ మాట్లాడేటప్పుడు మనం అనేది 'చిన్నా పెద్దా అని చూడకుండా', 'ఎండా వానా అని చూడకుండా' అని. ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం విప్పినా వచ్చేది ఈ 'చూడకుండా'యే.

రెస్పెక్టివ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం మన రాతలు గాడి తప్పుతున్నాయి. 'సభ్యులు తమ సంబంధిత ఇళ్లకు వెళ్లిపోయారు' అని రాస్తే చదివేవాడికి ఇంటితో సంబంధం తెగిపోయినట్టుంటుంది. 'ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు' అనాలి. ఎవరి పని వారిది, ఎవరి బాధ వారిది, ఎవరి వాటా వారికి. ఇంత పొందికైన వాక్యనిర్మాణం చేతిలో ఉండగా 'సంబంధిత'ను అరువు తెచ్చుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. రెస్పెక్టివ్‌లీకి పాఠ్యపుస్తకాలు వాడే 'వరుసగా' మంచిదే గానీ, దానికి 'ఒకదాని వెంట ఒకటి' అనే అర్థమూ ఉంది. 'రెండు జట్లు వరుసగా మూడు, ఐదు ఆటలు గెలిచాయి' అంటే ఎవరికి ఎన్నో చెబుతున్నారా, ఓటమి లేకుండా గెలిచాయంటున్నారా? అటువంటిచోట వాక్యాన్ని విడగొట్టి 'మొదటి జట్టు మూడు, రెండోది ఐదు' అని రాయడమే మేలు.

పాత అర్థం ఇప్పటికీ నిలిచివున్న పలుకుబడి ఇంకొకటుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అపొస్తలుల కార్యముల్లో, దేవుడు 'రెస్పెక్టర్ ఆఫ్ పర్సన్స్' కాడని పేతురు అంటాడు. దీన్ని ఇవాళ్టి అర్థంతో చదివితే దేవుడు మనుషులను గౌరవించడని తేలుతుంది! తెలుగు బైబిలు అనువాదకులు ఆ గోతిలో పడలేదు, 'పక్షపాతి కాడు' అని రాశారు. అక్కడ రెస్పెక్ట్ అంటే మనిషి హోదా చూసి తూకం మార్చడం. మన జాతీయంలో చెప్పాలంటే మొహం చూసి బొట్టు పెట్టడం.

ఇక తమ్ముడి సంగతి. గౌరవమా, మర్యాదా? ఈ రెండూ ఎక్కడ పుట్టాయో చూస్తే తేడా కనబడుతుంది. గౌరవం 'గురు' నుంచి వచ్చింది. గురు అంటే బరువైనది. ఛందస్సులో గురువు, లఘువు అనేవి ఈ బరువు, తేలికలే. భారవి కవిత్వంలో అర్థగౌరవం ఉందన్నప్పుడు అక్కడ దండాలూ దస్కాలూ లేవు, ఉన్నది అర్థపు బరువు. కాబట్టి గౌరవం మనిషికి మనం మనసులో ఇచ్చే బరువు. దానికి వ్యతిరేకం చూడండి: చులకన. అంటే తేలిక. 'చులకన చేశాడు', 'మాటను తేలిగ్గా తీసిపారేశాడు' అన్నీ తూకం భాషే.

మర్యాద అలా కాదు. దాని మొదటి అర్థం హద్దు, ఎల్ల. ఆమరణ దీక్షలోని 'ఆ'కు సంస్కృత వ్యాకరణం చెప్పే అర్థాల్లో మర్యాద ఒకటి, అంటే అంతవరకూ అనే హద్దు. హద్దు మీరనివాడు గనక రాముడు మర్యాదాపురుషోత్తముడు. హద్దు అనేది నడవడికకు సంబంధించింది, పైకి కనబడేది. మనసులో ఏమున్నా మర్యాద పాటించవచ్చు. అందుకే తెలుగులో మర్యాదగా బెదిరించవచ్చు కూడా. 'మర్యాదగా చెబుతున్నా, ఇక్కణ్ణుంచి లే' అన్నవాడి గొంతులో గౌరవం గోరంత కూడా ఉండదు. అక్కడ 'గౌరవంగా చెబుతున్నా' అని మార్చి చూడండి, బెదిరింపు కాస్తా బతిమాలుకోవడంగా మారిపోతుంది. బహువచనంలో పెడితే మర్యాద మరో దారి పడుతుంది. 'మర్యాదలు బాగా చేశారు' అంటే అతిథిసేవ. ఆ మర్యాదలు చేసేది పోలీసులైతే అర్థం ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

నా సలహా ఇది. ఇంగ్లీషు వాక్యంలో రెస్పెక్ట్ ఎదురైతే, అది లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. అది లేనప్పుడు మనిషి చులకనవుతాడా? అయితే గౌరవం. మోటుగా, పొగరుగా అనిపిస్తుందా? అయితే మర్యాద. మాట పెడచెవిన పెట్టినట్టవుతుందా? అప్పుడు మన్నన. ఈ మూడోదాన్ని ఈమధ్య మరిచిపోతున్నాం. 'ఆయన కోరికను గౌరవించి ఆగిపోయాం' అని రాస్తున్నచోట 'ఆయన మాట మన్నించి' అంటే ఎంత హాయిగా ఉంటుంది! మన్నించడమంటే క్షమించడమేనని చాలామంది అనుకుంటున్నారు. మాటకు విలువనిచ్చి వినడం, ఆదరించడం కూడా మన్నించడమే.

ఇంకా చిత్రమేమిటంటే, గౌరవం లేదని చెప్పాల్సివస్తే తెలుగువాడు గౌరవం అనే మాట జోలికే పోనక్కర్లేదు. లెక్కచెయ్యడు, ఖాతరు చెయ్యడు, లక్ష్యపెట్టడు, చిన్నచూపు చూస్తాడు, మనం వాడి కంటికి ఆనం, అందరికీ లోకువైపోయాడు, అలుసిచ్చాం. లేమిని చెప్పడానికి ఇన్ని ఉన్నాయి. 'అతను నన్ను అగౌరవపరిచాడు' అనే వాక్యం నోటీసుల్లో రాసుకోవడానికి పనికొస్తుంది గానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. 'ఐ రెస్పెక్ట్ హిమ్' అనేది ఇంగ్లీషులో కర్త, కర్మ, క్రియ ఉన్న వాక్యం. దాన్ని 'నేను ఆయనను గౌరవిస్తాను' అంటే తప్పు కాదు గానీ, మనసులోని భావం చెప్పడానికి తెలుగు ఎంచుకున్న దారి వేరు: 'నాకు ఆయనంటే గౌరవం.' భయం, ఇష్టం, కోపం, జాలి అన్నీ ఇలాగే 'నాకు' ఉంటాయి. 'గౌరవించు' అనే క్రియ చేతలవైపు మొగ్గుతుంది. 'శాలువా కప్పి గౌరవించారు' అన్నప్పుడు అది తన సొంత ఇంట్లో ఉన్నట్టుంటుంది. ఎదుటివారి అభిప్రాయాన్ని గౌరవిస్తున్నామని చెబితే చాలాసార్లు వెనకాలే 'కానీ' వస్తుంది. 'విత్ డ్యూ రెస్పెక్ట్' అన్నదీ ఆ బాపతే. దానికి 'తగిన గౌరవంతో' అని కాగితం మాట వద్దు. 'తప్పుగా అనుకోకండి', 'మీకు చెప్పేంతవాణ్ణి కాను గానీ' అంటే చాలు, రాబోయే పోటు సంగతి వినేవాడికి తెలిసిపోతుంది.

'గౌరవం ఇవ్వు' తెలుగేనా అని అడిగారు. నిక్షేపంగా తెలుగే. గౌరవం, మర్యాద రెండూ ఇచ్చి పుచ్చుకునేవేనని మనకు ఎప్పటినుంచో ఉన్న మాట. 'రెస్పెక్ట్ ఇచ్చి మాట్లాడు' అనే నేటి వాడుకలో మటుకు రెస్పెక్ట్ అర్థం బాగా కుంచించుకుపోయింది. దాదాపుగా 'నువ్వు అనకు, మీరు అను' అనే అంటున్నారు. ఇంగ్లీషులో క్రియాపదం ఎవరి ముందైనా ఒకేలా ఉంటుంది. మనకు 'వచ్చాడు', 'వచ్చారు' దగ్గరే ఈ వ్యవహారం తేలిపోతుంది. ఆ పనికి సరైన మాట మర్యాదే.

సముద్రాన్నీ, కరెంటునూ రెస్పెక్ట్ చెయ్యాలని ఇంగ్లీషువాళ్లు అంటారు. మనం వాటిని గౌరవించబోతే నవ్వులాటవుతుంది. 'సముద్రమంటే భయం ఉండాలి' అనడమే తెలుగు. 'పే లాస్ట్ రెస్పెక్ట్స్'కు పత్రికలు 'నివాళి అర్పించారు' అని స్థిరం చేశాయి. నివాళి అంటే మొదట హారతి. పెళ్లికూతురికీ నివాళి ఇచ్చేవారు. ఇప్పుడు బతికున్నవారికి నివాళి అని రాస్తే కొట్లాటకు వస్తారు, కాబట్టి ఆ పాత అర్థాన్ని తిరిగి తేవాలని నేను పట్టుబట్టను. 'గివ్ మై రెస్పెక్ట్స్ టు యువర్ ఫాదర్' అంటే 'నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి', చనువుంటే 'అడిగానని చెప్పండి'.

సెల్ఫ్ రెస్పెక్ట్‌కు ఆత్మగౌరవం బాగా కుదిరింది. 1982లో తెలుగుదేశం పార్టీ పుట్టినప్పుడు ఎన్టీ రామారావు 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్న తర్వాత ఆ మాట పల్లెపల్లెకూ చేరింది. అరవంలో దారి వేరు. పెరియార్ 1925లో మొదలుపెట్టిన ఉద్యమానికి 'సుయమరియాదై' అని పేరు. మనం గౌరవం ఎంచుకున్నచోట వాళ్లు మర్యాదను ఎంచుకున్నారు. ఆత్మగౌరవం అన్న మాట ఇంతగా వ్యాపించకముందు ఆ పని 'అభిమానం', 'రోషం' చేసేవి. అభిమానధనుడంటే దుర్యోధనుడు గుర్తొస్తాడు గానీ, అభిమానులు అంటే ఇప్పుడు సినిమాహాళ్ల ముందు కనబడతారు. ఆ మాట ప్రేమవైపు జరిగిపోయింది గనక స్వాభిమానం, ఆత్మాభిమానం అని ముందొక మాట తగిలిస్తే గానీ పాత అర్థం రావడం లేదు. రోషం ఇంకా గట్టిగానే ఉంది. 'రోషమున్నవాడు మళ్లీ ఆ గడప తొక్కడు' అన్న వాక్యంలో ఆత్మగౌరవం పెట్టి చూడండి, పదును పోతుంది.

చివరిది, గౌరవ, గౌరవనీయ. రెండూ ఒకటి కావు. గౌరవనీయ అంటే గౌరవించదగిన. మనుషులకు 'గౌరవనీయులైన' అని రాయాలి. గౌరవ అనేది సమాసంలో ముందు నిలిచినప్పుడు ఎక్కువగా జీతభత్యాలు లేని, లాంఛనమైన అనే అర్థంలో వస్తోంది. గౌరవ అధ్యక్షుడు, గౌరవ డాక్టరేటు, గౌరవ సంపాదకుడు అలాంటివే. గౌరవ వేతనం జీతం కాని జీతం. చట్టసభల్లో మాత్రం 'గౌరవ సభ్యులు' అంటే మాననీయులైన సభ్యులు, వారికి జీతమూ ఉంది. సభలో అది చెల్లుతుంది, అందరికీ తెలుసు గనక. మీ సంఘం ఆహ్వానపత్రంలో 'గౌరవ కార్యదర్శి' అని వేస్తే, ఆయన జీతం తీసుకోకుండా చేస్తున్నారని చదువుకుంటారు. ఆయన మీద మీకున్న గౌరవం తెలపడమే ఉద్దేశమైతే పేరు చివర 'గారు' ఉంటే సరిపోతుంది.