స్థానిక ఆర్థికాభివృద్ధి విభాగంలో చేరాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రైవేటు ఉద్యోగం మానేసి పురపాలక సంస్థలో ఆర్థికాభివృద్ధి విభాగానికి రావాలనుకుంటున్నానని, ఈ పనిలో పైకి రావాలంటే ఏం కావాలని అడిగారు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నన్నడిగితే, ఇప్పటికే అక్కడ ఉన్న వ్యాపారుల దగ్గరికి వెళ్లి కూర్చోవడం ముందు రావాలి.

చేరిన కొత్తలో నాకు ఒకటే ధ్యాస, బయటినుంచి పెద్ద ఫ్యాక్టరీ తేవాలని. రెండేళ్లు ప్రెజెంటేషన్లతోనే గడిచిపోయాయి. అప్పుడే ఒక వర్క్‌షాప్ యజమాని మకాం ఎత్తేస్తున్నాడని తెలిసింది. రాయితీ కావాలేమోనని కాగితాలు పట్టుకెళ్లాను. ఆయన వాటి వంక చూడనైనా లేదు. నన్ను బయటికి తీసుకెళ్లి సందు మలుపులో ఉన్న కరెంటు స్తంభం చూపించారు. అప్పుడే లారీ వచ్చింది. క్లీనర్ దిగి, బండి పక్కన చేత్తో కొడుతూ "రానీ, రానీ" అంటున్నాడు. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ పోతేగానీ తిరగలేదు. స్తంభం నడుము ఎత్తున రకరకాల రంగుల గీతలు, అన్నీ లారీలు రాసుకుపోయినవే. "పెద్ద బండి లోపలికి రాదు సార్, అందుకే పెద్ద ఆర్డర్లు వదిలేసుకుంటున్నా" అన్నారు.

ఆ స్తంభం రెండు మీటర్లు జరగడానికి ఏడు నెలలు పట్టింది. కరెంటు వాళ్లు రోడ్ల విభాగం అనుమతి కావాలన్నారు, రోడ్ల వాళ్లు ఖర్చు ఎవరు పెడతారన్నారు. ఇద్దరిలో ఎవరూ నా కింద పనిచేసేవాళ్లు కాదు. చివరికి ఇంజినీర్లందరినీ ఒకే పొద్దున ఆ మలుపు దగ్గరికి రప్పించాను. లారీ అవస్థ కళ్లారా చూశాకే ఫైలు కదిలింది. ఆ వర్క్‌షాప్ యజమాని అక్కడే ఉండిపోయారు. ఈ రంగంలో నాయకత్వమంటే నాకు తెలిసింది ఇదే, మన మాట వినాల్సిన అవసరం లేనివాళ్లను ఒకచోటికి తేగలగడం.

పెద్ద కంపెనీలు రాకూడదని కాదు. కానీ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2017లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ 13,000 ఉద్యోగాలిస్తానంటే రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలకు ఒప్పుకుంది. 2021లో ఒప్పందం తిరగరాసేసరికి ఆ లెక్క 1,454కి దిగింది. ఆ స్థలం కోసం ఇళ్లు ఖాళీ చేసినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. అమెరికాలోనే కొలరాడో రాష్ట్రంలోని లిటిల్‌టన్ నగరం వేరే దారి పట్టింది. 1980ల చివర పెద్ద ఎత్తున ఉద్యోగాలు పోయాక, ఉన్న చిన్న కంపెనీలకే మార్కెట్ సమాచారం అందించి పెంచుకోవాలని చూసింది. 'ఆర్థిక తోటపని' అని దానికి పేరు.

జీతం తగ్గుతుంది, ఎన్నికలయ్యాక పైవాళ్లు మారతారు, మొదలుపెట్టిన పని ఆగిపోతుందేమోనని టెన్షన్ ఉంటుంది. ఇంట్లో ముందే మాట్లాడుకోండి. బడ్జెట్ పుస్తకం చదవడం నేర్చుకోండి, డబ్బు ఏ పద్దులో ఉందో తెలియకపోతే ఎవరికీ మాటివ్వలేం. ఇంటర్వ్యూలో మాత్రం ఒకటి తప్పకుండా అడగండి: "పోయిన నెల మీ విభాగం వాళ్లు ఎన్ని దుకాణాలకు, ఎన్ని షెడ్లకు వెళ్లొచ్చారు?"