పారేసిన డబ్బీ తిరిగి రాదు, మరదలి దగ్గరున్నది దాచండి

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. 20 నెలల కిందట నా భార్య, మరదలు పాతపట్నంలో ఒక ఫ్యాన్సీ షాపులో ముఖం తెల్లబడే క్రీము చెరో డబ్బీ కొన్నారు. డబ్బీ 350 రూపాయలు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌పే చేశారు. తర్వాత కూడా అక్కడే కొన్నారు. ఏడు నెలలు రాసేసరికి నా భార్యకి కాళ్ళు, ముఖం వాచిపోయాయి. విశాఖలో కిడ్నీ డాక్టరు పరీక్షలు చేయించి, రక్తంలో పాదరసం ఉందని, క్రీము వల్లే అయ్యుంటుందని 11 నెలల కిందట చెప్పారు. నాలుగు లక్షలు అప్పయింది. కోపంతో డబ్బీలన్నీ మహేంద్రతనయలో విసిరేశాను. మరదలు మాత్రం తన డబ్బీ ఇంకా రాసుకుంటోంది. తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయించుకోమంటున్నాడు బావమరిది. ఆంధ్రాలో కొన్నదానికి ఒడిశాలో కేసు వేయొచ్చా?

జవాబు: ముందు మీ మరదలి చేత ఆ క్రీము ఈ రోజే మాన్పించండి. మిగతాది తర్వాత చదవండి.

మీరు మూడు పేజీల ఉత్తరం రాశారు. ఆసుపత్రి, అప్పులు, ఇంట్లో ఏడుపులు, అన్నీ చదివాను. కేసు తేల్చేవి అవి కావు. మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి ఉంది చూడండి, మరదలి దగ్గర మిగిలిన డబ్బీ, అది తేలుస్తుంది. మీ ఆవిడకి జబ్బు చేసిందని ఎవరూ కాదనరు. 'ఆ క్రీము నా షాపుది కాదు, అందులో పాదరసం లేదు' అంటాడు షాపు యజమాని. దానికి జవాబు చెప్పే డబ్బీలను మీరే ఏట్లో పారేశారు. ఇంత చదువుకున్నవారు, డాక్టరు 'పాదరసం' అన్నాక కూడా ఆ పని చేయడం క్షమించరాని నిర్లక్ష్యం. ఆ నీళ్ళు కింద ఊళ్ళవాళ్ళు వాడుకుంటారన్నది కూడా తట్టలేదు మీకు.

మిగిలిన ఆ ఒక్క డబ్బీ ఫొటో పంపారు కదా. దాని మీద తయారీదారు పేరు లేదు, అడ్రసు లేదు. పరాయి లిపి, కింద చిన్న అక్షరాల్లో 'బంగారు, వెండి నగలకు తగలనివ్వవద్దు' అని ఇంగ్లీషులో ఒక ముక్క. పాదరసం కలిపిన క్రీముల మీద తరచు కనబడే హెచ్చరిక అది. అదొక్కటే సాక్ష్యం కాదు గానీ ఎటు వెతకాలో చెబుతుంది. 2020 కాస్మెటిక్స్ రూల్సు ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కలపకూడదు. అనుకోకుండా చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు లేబులు మీద ఉండి తీరాలి.

ఇక షాపు యజమాని 'నేను తయారు చేయలేదు, అమ్మానంతే' అంటాడు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షను 86 చదవండి. తయారీదారు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా అతనికి నోటీసు అందించలేనప్పుడు, అమ్మినవాడే నష్టపరిహారం కట్టాలి. లేబులు మీద పేరు లేకపోవడం మీకు లోటు అనుకుంటున్నారు. నిజానికి మీ బలం అదే.

బావమరిది సలహా సంగతి. దొంగ బిల్లు జోలికి వెళ్ళారంటే మీ కేసు మీరే చంపుకున్నట్టు. భారతీయ న్యాయ సంహిత సెక్షను 229 కింద దొంగ సాక్ష్యం పుట్టించినందుకు ఏడేళ్ళ దాకా జైలు. పైగా మీ ఫోన్‌పే రికార్డు ఒక షాపు పేరు చెబుతుంది, ఆ బిల్లు ఇంకో షాపు పేరు చెబుతుంది. మీ కాగితమే మీ కాగితాన్ని కొడుతుంది. బిల్లు లేదని నిజం రాయండి. ఆ రోజు ఆ షాపుకి 700 రూపాయలు వెళ్ళినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, పక్కనే నిలబడి కొన్న మరదలి అఫిడవిట్, ఆ డబ్బీ, ఈ మూడూ కలిస్తే బిల్లు లేని లోటు చాలావరకు తీరుతుంది.

షాపుకి వెళ్ళి గొడవ పడకండి. ఆ సాయంత్రానికే సరుకు మాయమవుతుంది. శ్రీకాకుళం డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకి లేబులు ఫొటోలు, బ్యాచ్ నంబరుతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయన షాపులో శాంపిలు తీస్తే దాన్ని పరీక్షించే ప్రభుత్వ ఎనలిస్టు రిపోర్టు వస్తుంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షను 18ఏ కింద ఆ సరుకు ఎక్కడ కొన్నాడో షాపువాడు చెప్పక తప్పదు. అదే చట్టం సెక్షను 26 కింద కొన్న మనిషి కూడా ఫీజు కట్టి ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఆ డబ్బీ కొన్నది మరదలు కాబట్టి దరఖాస్తు ఆమె పేరునే పెట్టాలి. వాడిన డబ్బీలో మీరే ఏదో కలిపారని ఎదుటివాళ్ళు అంటారు, అందుకే షాపులో తీసిన శాంపిలు కూడా కావాలంటున్నాను. ఈలోగా డబ్బీని మూత బిగించి, కవరులో పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు చేసి, వంటింటికి, పిల్లలకి దూరంగా ఉంచండి.

మీ ఆవిడ రక్తం ఇప్పుడు పరీక్షించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. క్రీము మానేశాక ఒంట్లో పాదరసం ఒకటి రెండు నెలలకి సగం చొప్పున తగ్గుతూ పోతుంది. అప్పటి రిపోర్టే దిక్కు, మీ దగ్గర దాని ఫొటో మాత్రమే ఉంది. ల్యాబుకి వెళ్ళి సంతకం, ముద్ర ఉన్న నకలు తెచ్చుకోండి. 'క్రీము వల్ల' అని డాక్టరు నోటిమాటగా అన్నది కేస్ షీటులో ఉందో లేదో చూడండి, లేకపోతే ఒక సర్టిఫికెట్ అడగండి. మరదలి సంగతి వేరు. ఆమె నిన్నటిదాకా రాసుకుంది. రేపే డాక్టరు దగ్గరికి పంపి రక్తం, మూత్రంలో పాదరసం, మూత్రంలో ప్రొటీను పరీక్షలు చేయించండి. ఆమె ఆరోగ్యం కోసం అది ఎలాగూ చేయించాల్సిందే. అదే షాపు, అదే క్రీము, రెండో మనిషి ఒంట్లోనూ పాదరసం అని తేలితే ఎదుటి వకీలుకి వాదించడానికి పెద్దగా మిగలదు. తల్లి పక్కలో పడుకునే మీ పాపకి కూడా చేయించండి, దిండు గలీబులకి, తువ్వాళ్ళకి అంటిన క్రీము పిల్లలకీ చేరుతుంది.

ఒడిశాలో వేయొచ్చా అంటే, వేయొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షను 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్లో వేసే హక్కుంది. పాతపట్నం షాపువాడే ఇటు రావాలి. కేసు మీ పేరున కాకుండా మీ ఆవిడ పేరున వేయండి. అక్కడ లెక్కలోకి వచ్చేది సరుకు ధర గానీ మీరడిగే పరిహారం కాదు. ధర ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఏమీ లేదు. అయిన ఖర్చు, ముందు కాబోయే వైద్యం, ఆమె పడ్డ బాధ అన్నీ కలిపి అడగండి. తెలుగు కాగితాలకి ఒడియా గానీ ఇంగ్లీషు గానీ అనువాదం జతచేయండి. వినియోగదారుల కేసులు ఆన్‌లైన్లో వేసే ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

కేసు వేయడానికి గడువు అదే చట్టం సెక్షను 69 కింద రెండేళ్ళు. డాక్టరు చెప్పిన రోజు నుంచి లెక్కపెట్టాలని నేనైతే వాదిస్తాను. కొన్న రోజు నుంచి అని ఎదుటివాళ్ళు వాదిస్తారు. వాళ్ళ లెక్కే నిజమనుకుని పని మొదలుపెట్టండి. ఆ లెక్కన మీకు మిగిలింది నాలుగు నెలలు. ఎనలిస్టు రిపోర్టు ఈలోగా రాకపోయినా ఆగకుండా ఫిర్యాదు వేసేయండి, డబ్బీని ల్యాబుకి పంపమని కమిషన్‌నే కోరవచ్చు.