మీరు నాలుగు టైర్ల గురించి అడిగారు, నేను ఐదోదాని గురించి చెబుతాను

మీ ప్రశ్న ఇదీ: ఆరేళ్ల కారు, 38 వేల కిలోమీటర్లు తిరిగింది, టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, సంక్రాంతికి పిల్లలతో హైదరాబాద్ నుంచి భీమవరం అత్తగారింటికి వెళ్లాలి. నాలుగూ మార్చాలా, రెండు చాలా, ఏ కంపెనీ మంచిది?

నాలుగూ మార్చండి. ఇక డిక్కీలో ఉన్న ఐదోదాని సంగతేమిటి? మీ ప్రశ్నలో స్టెప్నీ ఊసే లేదు. ఎవరి ప్రశ్నలోనూ ఉండదు లెండి.

మాది పాలకొల్లు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. బడికి రోజూ కాలువ గట్టు మీదుగా నా కారు నేనే నడుపుకుంటూ వెళ్తాను. మా ఆయనకి డ్రైవింగ్ రాదు. అయినా ఇద్దరం కలిసి టైర్ల షాపుకి వెళ్తే షాపాయన రేట్లు, సైజులు, గ్యారంటీలు అన్నీ మా ఆయనకే చెబుతాడు. ఆయన పాపం తల ఊపుతుంటారు. "కారు ఆవిడదండీ, ఆవిడకి చెప్పండి" అన్నా, రెండు ముక్కలు నాకు చెప్పి మళ్లీ అటే తిరుగుతాడు. ఇప్పుడు ఒక్కదాన్నే వెళ్తున్నాను, వేరే దారి లేక నాతోనే మాట్లాడుతున్నాడు.

స్టెప్నీ మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. దాళ్వా, అంటే రెండో పంట, కోతల టైములో మలికిపురం దగ్గర మా మేనమామ కొడుకు పెళ్లి. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి కారేసుకొచ్చాడు. అర్ధరాత్రి దాటాక భోజనాలు, అక్షింతలు అయ్యాయనిపించుకుని పాలకొల్లు బయల్దేరాం. హైవే ఎక్కేలోపు కాలువ గట్టు రోడ్డు ఒకటుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు. ఆ సీజన్లో ఇటువైపు వచ్చినవాళ్లకి తెలుసు, సగం రోడ్డు ధాన్యానిదే. రాశి మీద బరకం కప్పి, అది గాలికి లేవకుండా అంచుల వెంట రాళ్లు పెడతారు. పగలైతే కనిపిస్తాయి. ఎదురుగా ట్రాక్టరు లైట్లు కళ్లలో కొడుతుంటే రాత్రి ఏం కనిపిస్తాయి? తమ్ముడు ఎడమకి జరిగాడు, ఠప్‌మని శబ్దం. దిగి చూస్తే ముందు ఎడమ టైరు సైడ్‌వాల్, అంటే పక్క గోడ, వేళ్లు దూరేంత చీలిపోయి ఉంది.

వాడేమీ కంగారు పడలేదు. "పంక్చర్ కిట్ ఉందక్కా, నిమిషాల్లో పని" అన్నాడు. ఒరేయ్, అది మేకు దిగిన చిల్లుకి పనికొస్తుంది కానీ చీలికకి కాదురా అంటే వింటేగా. సీసాలోని జెల్లు ఎక్కించి పంపు ఆన్ చేశాడు. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే చీలికలోంచి తెల్లగా బయటికొచ్చి వాడి పట్టు చొక్కా మీద పడింది.

అప్పుడు స్టెప్నీ గుర్తొచ్చింది. డిక్కీ తెరిస్తే సూట్‌కేసులు, కొబ్బరికాయల బస్తా, పెళ్లివారిచ్చిన స్వీట్ల డబ్బాలు, వాటికింద కార్పెట్టు, దానికింద స్టెప్నీ. మొత్తం సామాను గట్టు మీదకి దింపాం. స్టెప్నీ మీద మోకాలు పెట్టి నొక్కితే మెత్తగా దిగిపోయింది, అందులో గాలే లేదు. సెల్ లైటు వేసి చూస్తే రబ్బరు నిండా సన్నటి బీటలు. అంతకుముందే నాలుగు టైర్లూ మార్పించాడు కానీ ఇది మాత్రం కారుతో పాటు వచ్చింది. "ఒక్కసారి కూడా వాడలేదక్కా, కొత్తదే" అంటాడు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, బీటలిస్తుంది. ఎండ, వేడి, గాలి చాలు దానికి.

ఇక నట్లు. టైర్ల షాపులో గాలి గన్నుతో బిగించినవి, కారుతో ఇచ్చిన ఆ పొట్టి స్పానరుకి కదిలితేగా. ధాన్యం కాపలా పడుకున్న పెద్దాయన ఒకరు లైటు పట్టుకుని వచ్చారు. "ఏమ్మా, ఏమైంది?" అన్నారు. మా వాడు అసలే చిరాకులో ఉన్నాడేమో, "ఏమైందేంటి బాబాయ్, మీ రాయే కోసేసింది" అన్నాడు. ఆయన నొచ్చుకోలేదు. "రాయెట్టకపోతే బరకం ఎగిరిపోద్ది బాబూ. గింజ తడిస్తే ఎవడు కొంటాడు?" అని, వెళ్లి ఒక ఇనప గొట్టం పట్టుకొచ్చారు. దాన్ని స్పానరు పిడికి తొడిగి తొక్కితే నట్లు వదులయ్యాయి. జాకీ ఎత్తబోతే అది మెత్తటి మట్టిలోకి దిగిపోతోంది. దానికింద వేయడానికి చెక్క పలక కూడా ఆయనే తెచ్చారు. తమ్ముడు ఆన్ చేసి వదిలేసిన కిట్ పంపు ఈలోపు వేడెక్కి ఆగిపోయింది. మోటార్‌సైకిల్‌కి గాలి కొట్టుకునే కాలి పంపుతో ఆయనా, మా తమ్ముడూ వంతులేసుకుని స్టెప్నీకి గాలి కొట్టారు. నలభై స్పీడు దాటకుండా గోదావరి మీది చించినాడ వంతెన దాటి ఇల్లు చేరేసరికి కోడి కూసింది.

ఆయన్ని తిట్టలేను. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం వద్దంటారు. ఊళ్లో ఆరబెట్టుకునే కళ్లాలు లేవు, ఉన్న ఖాళీ జాగాలన్నీ చేపల చెరువులైపోయాయి. రైతుకి మిగిలింది తారు రోడ్డే. కానీ రాళ్ల బదులు ఇసుక మూటలు పెట్టుకోవచ్చు కదా? మా బడి చుట్టుపక్కల ఊళ్లలో చెప్పిచూశాను, ఇద్దరో ముగ్గురో విన్నారు. పొలంలో దమ్ము చేసే ఇనప చక్రాలతోనే ట్రాక్టర్లు తారు రోడ్డెక్కడం, నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల వ్యాన్లు, ఇవి మొదలుపెడితే ఈ జవాబు తెల్లారదు. ఒక్కటి మాత్రం చెబుతాను. మా వైపు టైర్లు అరిగి పోయేవాటికంటే కోసుకుని, గుద్దుకుని పోయేవే ఎక్కువ. కంపెనీ కోసం గంటలు గంటలు వాదించుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది అందుకే.

ఈ లెక్కన స్టెప్నీ లేని కారు మా డెల్టాకి పనికిరాదు. ట్యూబ్‌లెస్ టైర్లుండి, టైర్లలో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటూ, పంక్చర్ కిట్టూ ఉంటే 3.5 టన్నుల లోపు బండ్లకి స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. హైవేల మీదే తిరిగేవాళ్లకి బాగుంటుందేమో. ఆ రాసినవాళ్లని ఒక్కసారి దాళ్వా కోతలప్పుడు కాలువ గట్టు మీద నడపమనండి. కొన్ని కార్లకి సన్నటి స్టెప్నీ ఇస్తారు, దానిమీద 80 స్పీడు దాటొద్దని స్టిక్కరుంటుంది. అది దగ్గర్లోని షాపుదాకా చేరడానికే. దాంతో హైదరాబాద్ వెళ్లిపోదామనుకోకండి.

మీ టైర్ల సంగతికొస్తే, చూడ్డానికి బాగున్నాయన్న మాట నమ్మకండి. సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. చాలా టైర్లకి ఇది ఒక వైపే ఉంటుంది, ఆ వైపు కారు లోపలికి పెట్టి బిగించేస్తే మీకు కనిపించదు. కొనేటప్పుడు బిగించకముందే చూడండి. ఐదేళ్లు దాటాక ఏటా తనిఖీ చేయించమని, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయమని చాలా టైర్ల కంపెనీలు చెబుతాయి. మన ఎండల్లో ఆ పదేళ్ల లెక్క చెల్లదని నా గట్టి నమ్మకం, నాకు ఆరేళ్లే హద్దు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టప్రకారమే మార్చాలి. గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే ఆ హద్దు వచ్చినట్టు. నేనైతే మూడు మిల్లీమీటర్లకే తీసేస్తాను. వానలో నీళ్లని పక్కకి తోసేవి ఆ గాడులే కదా.

డబ్బు చూసుకుని రెండే కొంటే మాత్రం కొత్తవి వెనక వేయించండి. షాపులో ఒప్పుకోరు. "ఇంజను ముందుంది మేడమ్, కొత్తవి ముందే వెయ్యాలి" అంటారు. వినకండి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ దారికొస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. గట్టు రోడ్డు మీద తిరిగితే ఎక్కడ తేలతామో మీ అత్తగారి ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

సెకండ్ హ్యాండ్ జోలికి అస్సలు పోకండి. గుండైన టైరుకి మళ్లీ గాడులు కోసి, నల్లగా పాలిష్ పెట్టి అమ్మేవాళ్లున్నారు. కొత్తవాటిలోనూ సైజు ఒక్కటీ కలిస్తే చాలనుకోవద్దు. 165/80 ఆర్14 85టి అని ఉందనుకోండి, చివరి 85 లోడు నంబరు, అంటే ఆ టైరు 515 కిలోలు మోస్తుందని, టి అంటే 190 స్పీడు దాకా తట్టుకుంటుందని. "అదే సైజు మేడమ్, 82 వచ్చింది" అని ఒకాయన నాకు అంటగట్టబోయాడు. 82 అంటే 475 కిలోలే. పండక్కి వెళ్లేటప్పుడు మీరు ఖాళీగానే వెళ్తారు, వచ్చేటప్పుడు మీ అత్తగారు బియ్యం, కొబ్బరికాయలు, పచ్చళ్లు, అరిసెలు పెట్టకుండా పంపుతారా?

ఆ బరువుకి గాలి కూడా వేరే. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కరు చూడండి, మామూలుగా ఎంత, నిండా ఎక్కితే ఎంత అని ఉంటుంది. టైరు మీద రాసుండేది గరిష్ఠ ప్రెజరు, అంత కొట్టించకండి. పొద్దున్నే బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించండి, స్టెప్నీతో సహా. నైట్రోజన్ కొట్టించమని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం అది ఉందని నేను ఎనిమిదో తరగతి పిల్లలకి చెబుతాను. ఆ కాస్త తేడాకి అంత డబ్బు దండగ.

నట్ల దగ్గర నిలబడండి. గన్నుతో కాదు, చేత్తో, ఒకదాని ఎదురు ఒకటి బిగించమనండి. అయ్యాక కారులో ఉన్న స్పానరుతోనే ఒక నట్టు మీరు విప్పి చూడండి, మళ్లీ బిగించండి. కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగుతు చూసుకోవాలి. డిక్కీలో పొడవు పిడి ఉన్న స్పానరు, చెక్క పలక, టార్చి పడేయండి. స్టెప్నీ కూడా మిగతావాటి సైజుదే అయితే ఐదూ కొనేసి, పది వేల కిలోమీటర్లకోసారి టైర్ల చోట్లు మార్పించేటప్పుడు దాన్ని కూడా వరసలోకి తిప్పండి.

కంపెనీ అంటారా, ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, ఏదైనా ఫరవాలేదు. మీ కారు పుస్తకంలో రాసిన సైజు, లోడు నంబరు, ఈ ఏడాదో నిరుడో తయారైన తేదీ, ఈ మూడూ ఎవరి దగ్గర దొరికితే వాళ్ల దగ్గర కొనండి. బిల్లు మీద ప్రతి టైరు సీరియల్ నంబరూ రాయించుకోవడం మర్చిపోకండి, రేపు సైడ్‌వాల్ ఉబ్బి వారంటీకి వెళ్తే మొదట అడిగేది అదే.