నొప్పి పోయింది కదా అని మానేయకు, శీనూ

ఒరేయ్ శీనూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మోకాలికి నొప్పేమీ లేదని ఫిజియో దగ్గరికి వెళ్లడం మానేశావట, వచ్చే నెల నుంచి షటిల్ కోర్టుకి కూడా వెళ్తానంటున్నావట. లిగమెంట్ ఆపరేషన్ అయి మూడు నెలలైనా నిండలేదు కదరా! ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను, చివరిదాకా చదువు.

నొప్పి పోవడం వేరు, కాలికి బలం రావడం వేరు. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి ఏడాది పైనే పట్టింది. నాకు మోకాళ్లు అరిగాయన్నప్పుడు ఇంటి దగ్గర్లోనే ఒక సెంటర్‌కి వెళ్లాను. పన్నెండు సిట్టింగులు. కరెంట్ పెట్టేవాళ్లు, వేడి మైనం వేసేవాళ్లు, నేను ఫ్యాన్ చూస్తూ పడుకునేదాన్ని. ఇంటికొచ్చేదాకా హాయిగా ఉండేది, మర్నాడు మెట్లు దిగుతుంటే మళ్లీ ప్రాణం పోయేది. మిగతా వేళల్లో అమృతాంజనం. (నేను రోజూ నడిచే పార్కు ఆ అమృతాంజనం కనిపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదదే, చూడు తమాషా.) బామ్ రాసుకుంటే తప్పేం లేదు, కాసేపు నిద్ర పడుతుంది. కానీ మన బరువు మోయాల్సింది తొడ కండ కదా, దానికి అన్నం పెట్టింది ఎవరు?

తర్వాత వెళ్లిన చోట ఒక చిన్న పిల్ల, తమిళమ్మాయి, మొదటిరోజు ఏ మెషీనూ ముట్టుకోలేదు. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూద్దాం అంది. అప్పుడు నాకు 66. ఏడుసార్లకే ఆయాసం వచ్చింది. ఆ వయసు ఆడవాళ్లకు కనీసం 11 రావాలట, అంతకంటే తక్కువైతే పడిపోయే ప్రమాదం ఉన్నట్టేనట. నొప్పి ఎంతుందని అప్పటిదాకా అందరూ అడిగారు గానీ, లెక్కపెట్టింది ఆ పిల్లొక్కతే. మూడు నెలలకి 12 వచ్చాయి. ఆ రోజు ఇంటికి ఆటోలో రాలేదు, నడిచొచ్చాను.

నీ సంగతికొద్దాం. కీలు వాచినా, కోసి కుట్టినా తొడ ముందు కండకి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ తగ్గిపోతుంది, కొన్ని వారాల్లోనే కండ కరిగిపోతుంది. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా కిందికి నొక్కమన్నారు చూడు, చిప్ప కాస్త పైకి జరిగి తొడ రాయిలా బిగుసుకోవాలి, అదంతా ఆ కండని మళ్లీ నిద్ర లేపడానికే. అక్కడితో ఆపితే లేచింది మళ్లీ పడుకుంటుంది. పైగా తెగిన లిగమెంట్ బదులు కొత్తగా వేసిన ఆ టెండన్ ముక్క (కండని ఎముకకి కట్టే తాడు లాంటిది) లోపల అతుక్కుని లిగమెంట్‌గా మారడానికి నెలలు పడుతుంది, మొదటి రెండు మూడు నెలల్లో అది వేసిన రోజు కంటే కూడా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గి మనిషికి ధీమా వస్తుంది. ఆటలకు కనీసం 9 నెలలు ఆగమనేది అందుకే. అప్పుడైనా క్యాలెండర్ చూసి కాదు, ఆపరేషన్ కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతమైనా ఉండాలి, ఒంటికాలి మీద గెంతించి చూస్తారు. షటిల్ అంటే గెంతడం, చటుక్కున తిరగడం తప్ప ఇంకేముంది?

ఇంకోటి, వ్యాయామం పెరుగుతూ పోవాలి. అదే బరువు, అదే పది సార్లు ఆరు నెలలు చేస్తే దీపం పెట్టినట్టే, పుణ్యం రావచ్చు, కండ రాదు. ఎప్పుడు పెంచాలో నీ ఫిజియోనే అడుగు, యూట్యూబ్‌ని కాదు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటే కంగారు పడకు. నొప్పికి పదికి మార్కులు వేస్తే నాలుగో అయిదో దాటకుండా, మర్నాడు పొద్దుటికి మామూలైపోతే పర్లేదు. పొద్దున్నే మోకాలు ఉబ్బి ఉంటే నిన్న ఎక్కువ చేశావని, ఒక మెట్టు వెనక్కి తగ్గు, అంతేగానీ పూర్తిగా మానేసి పడుకోకు. పిక్క వాచి బిగుసుకుపోయినా, కీలు వేడెక్కి జ్వరం వచ్చినా మాత్రం వ్యాయామం ఆపేసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, ఆలోచించకు.

నేనైతే రోజూ చింపే క్యాలెండర్ కాగితం వెనకే రాసుకుంటాను, ఎన్నిసార్లు చేశాను, నొప్పి ఎంత అని. మీ పెదనాన్న నవ్వుతారు, నవ్వనీ.

మీ నాన్నని కూడా నీతోపాటు లేపు. 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టర్ డబుల్ డెకర్ బస్సుల వాళ్లని పరిశీలిస్తే, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువట. (మన చెన్నై కండక్టర్లని చూసుంటే ఏమనేవాడో, సీట్లోనే కూర్చుంటే డబ్బులు చేతులు మారి వాళ్ల దగ్గరికే వస్తాయి.) మీ నాన్నలా షుగరున్నవాళ్లకి వ్యాయామం ప్రభావం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది, అందుకే వరసగా రెండు రోజులకు మించి నాగా పెట్టకూడదు. వారానికి 150 నిమిషాలు నడక, రెండు రోజులు కండల పని. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం చాలు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడుతుంటే ముందు షుగర్ చూసుకోమను, 100 లోపుంటే ఏదైనా తిని బయల్దేరాలి, జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. ఛాతీలో పట్టేసినట్టుంటే అక్కడే ఆగిపోవాలి, ఇంకొక్క రౌండు అని మొండికెయ్యకూడదు. ఆయన సంగతి నీకు తెలుసుగా.

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఇద్దరూ పార్కు గేటు దగ్గరికి రండి. వేళచ్చేరి నుంచి ఆ టైముకి ట్రాఫిక్ ఉండదు, ఆ కథలు చెప్పకు. తర్వాత ఇంట్లో పెసరట్లు వేస్తాను. నీ ఫిజియో ఇచ్చిన కాగితం తీసుకురా, నిక్కరు వేసుకుని రా. నా కుట్టుమిషన్ టేపుతో రెండు తొడలూ కొలిచి, ఎన్ని సెంటీమీటర్లు తేడా ఉందో నీకే చూపిస్తాను.

పెద్దమ్మ