“గెడ్డ వచ్చింది, మదుం కాడ దిగిపోండి”

ప్రశ్న: మాది గుంటూరు. బ్యాంకు ఉద్యోగం మీద శ్రీకాకుళం జిల్లాకొచ్చి 4 నెలలైంది. మొన్న ఆటో డ్రైవరు సగం దారిలో “గెడ్డ వచ్చింది మేడం, మదుం కాడ దిగిపోండి, బండి ఎల్దు” అన్నాడు. పైన చుక్క వాన లేదు. మదుం అంటే ఏదో ఊరి పేరనుకుని, డబ్బులకోసం అబద్ధమాడుతున్నాడని గొడవ పెట్టుకున్నాను. ఈ మాటలు కాస్త విడమరిచి చెబుతారా?

జవాబు: ఆ డ్రైవరు మళ్లీ కనిపిస్తే ఓ మంచిమాట చెప్పండమ్మా, ఆయన మీ మేలే కోరాడు. గెడ్డ అంటే కొండల మీంచి దిగే వాగు. మా దగ్గర తూర్పు కనుమలకీ సముద్రానికీ మధ్య దూరం తక్కువ కాబట్టి కొండమీద పడ్డ వాన గంటల్లో కిందికి దూకుతుంది, మన నెత్తిన ఎండ కాస్తున్నా సరే. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టినవే, అక్కడ గట్టిగా కురిస్తే ఇక్కడ ఏరొస్తుంది. అసలు సంగతంతా ఆ “వచ్చింది”లోనే ఉంది. “గెడ్డలో నీరుంది” అంటే బండి దాటొచ్చు. “గెడ్డ వచ్చింది” అంటే పొంగి రోడ్డెక్కిందని, దాటకూడదని.

చిన్నప్పుడు మా ఊరి కాజ్‌వే దగ్గర చూసేవాణ్ణి. లారీ ఆగగానే క్లీనరు లుంగీ ఎగ్గట్టి, కర్రతో నేల తడుముకుంటూ ముందు నడిచేవాడు. నీరు పిక్కలు దాటలేదంటే చెయ్యి ఊపేవాడు, మోకాలికి తగిలిందంటే మాట్లాడకుండా వెనక్కి తిరిగొచ్చేసేవాడు, డ్రైవరు ఇంజను కట్టేసి బీడీ వెలిగించేవాడు. ఆ క్లీనరు లెక్క తప్పు కాదు. పారే నీరు రెండడుగులుంటే చాలు, కార్లను కూడా తేల్చి లాక్కుపోతుంది. ఎవరైనా “ఏటవుతాది, పోనీ పోనీ” అంటే దయచేసి ఆ బండి దిగిపోండి.

ఇక మదుమంటే తూము, చెరువుగట్టులోంచి నీరు వదిలే చోటు. రోడ్డు కింద కల్వర్టును కూడా చాలామంది మదుమనే అంటారు, అందుకే అది ఆటోవాళ్లకు గుర్తు. పశువులు దిగే చిన్న చెరువు బంద. ఇళ్ల మధ్య ఇరుకు సందు గోర్జి, అందులోకి ఆటో రాదంటే నిజంగానే రాదు. ఏరు సముద్రంలో కలిసే నోరు మొగ, ఇసుక మేటవేసి “మొగ మూసుకుపోయింది” అన్నారంటే మత్స్యకారులకు బోటు బయటికి తీయడం కష్టమైపోయిందని. “ఏటి” ఒక్కటే మిమ్మల్ని ఇంకొన్నాళ్లు ఇబ్బంది పెడుతుంది. “ఏటండి?” అంటే ఏమిటండి అని, “ఏటి గట్టు” అంటే నది గట్టు. “ఏటి గట్టు కాడ ఏటి పని?” అని ఎవరైనా అడిగితే కంగారు పడకండి.

ప్రశ్న: సాలూరు లారీలవాళ్లు స్పేర్ చక్రాన్ని స్టెప్నీ అంటారు. ఇది మన మాటేనా?

జవాబు: కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో లానెల్లీ అనే ఊరుంది, అక్కడి స్టెప్నీ వీధిలో 20వ శతాబ్దం మొదట్లో అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరే చక్రానికి అతుక్కుంది, బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయింది. కండక్టర్లు బస్సు ఆపడానికి అరిచే “హోల్డాన్” కూడా ఇంగ్లీషుదే. కానీ సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే డ్రైవరు బయల్దేరే ముందు చక్రాన్ని వేలితో కొట్టి చూసి “స్టెప్నీలో గాలుందేట్రా?” అని క్లీనర్ని అడిగాడంటే, నా దృష్టిలో అది ఈపాటికి మన మాటే.