కొత్త సంచికకి తాళం వేయకు

తిరుపతి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. తెలుగు పాఠాలకి తోడు లైబ్రరీ కూడా నీకే అప్పజెప్పారని, పుస్తకాల సంగతి ఎలాగో చూసుకుంటాను గానీ పత్రికలంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. బీరువా నిండా పాత సంచికల కట్టలు, టేబుల్ మీద రేపర్ కూడా విప్పని కొత్తవి ఉన్నాయన్నావు. ముందు ఆ రేపర్లు విప్పు. పాత కట్టలు ఇన్నాళ్లు ఆగాయి, ఇంకో నెల ఆగుతాయి.

పుస్తకాలకి వేసినట్టు ఒక్కో సంచికకీ స్టాక్ రిజిస్టర్‌లో నంబరు వేయకు. చాలా బడుల్లో అలాగే వేస్తారు. నెలకి 10 పత్రికలు వస్తే ఏడాదికి 120 నంబర్లు. వాటిలో ఒక్కటి కనబడకపోయినా ఆడిట్‌లో అడుగుతారని, జీతంలో పట్టుకుంటారని భయం. ఆ భయంతో బీరువాకి తాళం పడుతుంది. పిల్లల చేతికి వెళ్లకుండానే సంచిక పాతబడిపోతుంది. పత్రికలకి జరిగే అన్యాయాల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బైండు చేయించిన సంపుటికి మాత్రమే స్టాక్ నంబరు ఇవ్వు. విడి సంచికలకి వేరే నోట్‌బుక్ పెట్టు. విడి సంచికలు వాడకం కోసమేనని, ఏడాది దాటాక చిరిగినవీ పనికిరానివీ తీసేయవచ్చని మీ హెడ్మాస్టరు గారి చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకో. దాన్ని ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించు. ఈ పని మిగతా అన్నిటికన్నా ముందు జరగాలి.

నోట్‌బుక్‌లో పత్రికకో పేజీ. పైన పేరు, భాష, వారపత్రికా మాసపత్రికా, చందా ఎప్పుడు కట్టాం, ఏ నెలతో అయిపోతుంది. కింద 12 గళ్లు. సంచిక వచ్చిన రోజే ఆ నెల గడిలో తేదీ వేయి. టిక్కు పెడితే చాలదు. మూడు నాలుగు నెలల తేదీలు చూస్తే ఆ పత్రిక ఏ వారంలో వస్తుందో నీకే తెలిసిపోతుంది. ఆ వారం దాటినా గడి ఖాళీగా ఉంటే వెంటనే ఫోన్ చెయ్యి. మన చందా నంబరు రేపర్ మీద అడ్రసు దగ్గరే వేస్తారు కాబట్టి, ఒక రేపర్ నుంచి ఆ ముక్క కత్తిరించి ఆ పేజీలోనే అంటించి పెట్టుకుంటే ఫోన్‌లో వెతుక్కునే పని ఉండదు. నెలలోపు అడిగితే చాలామంది ఇంకో కాపీ పంపుతారు. ఆరు నెలలు పోయాక అడిగితే పంపడానికి వాళ్ల దగ్గరే మిగలదు.

ఖాళీ గడి కనిపించగానే పోయిందనుకోకు. రెండు నెలలకి కలిపి జంట సంచిక వేస్తుంటారు. అలాంటప్పుడు రెండు గళ్లనీ కలిపి ఒకే తేదీ వేయి. సంపుటి కూడా జనవరిలోనే మొదలవాలని లేదు. పత్రిక ఏ నెలలో పుట్టిందో ఆ నెలతో కొత్త సంపుటి మొదలుపెట్టేవి ఎన్నో ఉన్నాయి. అట్ట మీది నెల చూసి ఊహించకుండా, లోపల సంపుటి ఎంత, సంచిక ఎంత అని వేసింది చూసి రాయి. సంపాదకులు మారుతుంటారు కాబట్టి పత్రికని ఎప్పుడూ దాని పేరుతోనే రాయాలి. పేరే మారిపోతే కొత్త పేరుకి కొత్త పేజీ తెరిచి, పాత పేజీలో ‘ఇక్కడి నుంచి ఫలానా పేరు చూడు’ అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది.

మీ నగరి వైపు ఇంకో సంగతి ఉంది. అక్కడ తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు ఎక్కువ. టీటీడీ వాళ్ల సప్తగిరినే తీసుకో, అది తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిష్, సంస్కృతం భాషల్లో వస్తుంది. ఒకే పేరు కదా అని తెలుగుదీ తమిళందీ ఒకే పేజీలో రాశావంటే ఏది వచ్చిందో ఏది రాలేదో తేలదు. భాష మారితే పేజీ మారాలి. ర్యాక్‌లో కూడా భాషల వారీగా వేరువేరుగా పెట్టు.

వేసవి సెలవుల సంచికలే ఎక్కువగా పోతాయి. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్‌లో తెరుస్తారు. ఈలోపు వచ్చినవి గేటు సందులో పడి ఎండకి ఎండి వానకి తడుస్తాయి. సెలవులు ఇచ్చేముందే మీ పోస్ట్‌మాస్టరు గారితో మాట్లాడి, పోస్టాఫీసులోనే ఉంచమని ఒక అర్జీ ఇవ్వు. కుదరదంటే ఆ ఊళ్లోనే ఉండే టీచరు ఎవరింటికైనా ఇమ్మని చెప్పు.

గ్రంథాలయ శాస్త్రంలో మనమంతా గురువుగా తలుచుకునే ఎస్.ఆర్. రంగనాథన్ గారు పత్రికలకి మూడు కార్డుల పద్ధతి పెట్టారు. వచ్చిన సంచిక రాసుకోవడానికి ఒకటి, రానిదాన్ని పట్టుకోవడానికి ఒకటి, ఏ విషయం మీద మన దగ్గర ఏ పత్రికలున్నాయో చూసుకోవడానికి ఒకటి. పది పత్రికల బడికి మూడు పెట్టెలెందుకు? నీ నోట్‌బుక్కే మొదటి రెండు పనులూ చేసేస్తుంది. మూడోది మాత్రం వదలొద్దు. బడికి అయితే పత్రికల పేర్లు చాలవు, లోపలి వ్యాసాల దాకా వెళ్లాలి.

వ్యాసాల చీటీలంటే పెద్ద పనేం కాదు. ఒక సంచికలో మళ్లీ అడగబోయే వ్యాసాలు మూడో నాలుగో ఉంటాయి. వాటికే చీటీలు రాయి. పైన విషయం, కింద పత్రిక పేరు, నెల, ఏడాది, పేజీ. కథలకీ జోకులకీ అక్కర్లేదు. ఉదాహరణకి చంద్రయాన్-3 మన శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న వెళ్లి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ఆ రోజునే జాతీయ అంతరిక్ష దినోత్సవం చేస్తున్నాం కాబట్టి ఏటా ఆగస్టు వచ్చేసరికి వ్యాసరచనలు, క్విజ్‌లు ఉంటాయి. పిల్లలంతా నీ దగ్గరికే వస్తారు. 2023 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చిన సంచికల్లో ఉన్నవాటికి ‘చంద్రయాన్’ అని చీటీలు రాసి ఉంటే నిమిషంలో తీసిస్తావు. లేకపోతే కట్టలన్నీ విప్పాలి. శేషాచలం అడవులు, గ్రహణాలు, పాముకాటు, చంద్రగిరి కోట లాంటివి మన వైపు పిల్లలు తప్పకుండా అడుగుతారు. విషయం పేరు పిల్లలు అడిగే మాటలోనే రాయి. ‘సరీసృపాలు’ అని రాస్తే ఆరో తరగతి పిల్ల వెతకలేదు, ‘పాములు’ అని రాయి. ఈ చీటీలు తొమ్మిదో తరగతి పిల్లల చేతే రాయించవచ్చు. రాసే పిల్లలు ఆ వ్యాసం చదవక తప్పదు, అదీ మనకి లాభమే.

ఇక ఇవ్వడం. కొత్త సంచిక మొదటి వారం లైబ్రరీ టేబుల్ మీదే ఉండనీ. అందరూ అట్ట చూడాలి, పేజీలు తిప్పాలి. రెండో వారం నుంచి ఇళ్లకి పంపు. వారానికో లైబ్రరీ పీరియడ్‌లో ఇచ్చి పుచ్చుకుంటే నెలంతా కలిపినా నలుగురు కూడా చదవరు. అందుకని అట్ట లోపల చిన్న కాగితం అంటించి వరసగా ఎనిమిది మంది పేర్లు రాయి. ఒక్కొక్కరికి రెండు రోజులు. చదవడం అయ్యాక తేదీ వేసి కింద పేరున్న పిల్లకి వాళ్లే ఇచ్చేయాలి, చివరి పిల్ల నీకు తెచ్చిస్తుంది. నీ రిజిస్టర్‌లో ఒక్క గీతతో ఎనిమిది మంది చదివేస్తారు. ఒకే వీధి పిల్లల పేర్లు పక్కపక్కన రాశావంటే సెలవు రోజున కూడా ఆగదు. చెకుముకి లాంటి సైన్స్ పత్రికకి ఒక వరస చాలకపోతే రెండో కాగితం అంటించు. టీచర్ల పేర్లు మాత్రం ఆఖర్న రాయి. స్టాఫ్ రూమ్‌కి వెళ్లిన సంచిక త్వరగా బయటికి రాదు.

జరిమానా పెట్టకు. మీ బడికి వచ్చేవాళ్లలో మరమగ్గాల ఇళ్ల పిల్లలున్నారు. చిరిగితే డబ్బు కట్టాలంటే వాళ్లు అసలు ముట్టుకోరు. పదవినోదం, చుక్కలు కలపడం లాంటి పేజీలు పెన్నుతో నింపేస్తారని నీకు బెంగ ఉంటే ఆ ఒక్క పేజీ జిరాక్స్ తీసి గోడకి పెట్టు. ప్రాజెక్టులకని బొమ్మలు కత్తిరిస్తున్నారంటే వాళ్లకి కత్తిరించుకునేవి లేవని అర్థం. తీసేయాల్సిన పాత సంచికలు ఒక అట్టపెట్టెలో వేసి ‘కత్తిరించుకోవచ్చు’ అని రాసి పెడితే మంచివాటి జోలికి రారు.

చిరిగిన చోట టేపు వేయకు. కొన్నాళ్లకి పసుపుపచ్చగా మారి, జిగురు కిందికి దిగి అక్షరాలు పాడవుతాయి. పల్చటి కాగితం ముక్క, మైదా జిగురు చాలు. జిగురు ఉడికేటప్పుడు బైండింగ్ వాళ్లు వేసినట్టు చిటికెడు మైలతుత్తం వేస్తే పురుగు పట్టదు. కాకపోతే అది విషం, పిల్లలకి అందనివ్వకు, వంట గిన్నె వాడకు. మనకి నవంబరు, డిసెంబరు వానలే గట్టివి. ఆ తేమకి పిన్నులు తుప్పు పట్టి నడిమి పేజీలు ఊడతాయి. దాచాలనుకున్నవాటికి పిన్నులు తీసేసి దారంతో కుట్టించు. నున్నటి ఆర్టు కాగితం తడిస్తే ఆరేలోపే పేజీలు అతుక్కుపోతాయి, కాబట్టి తడిసిన వెంటనే పేజీల మధ్య మైనపు కాగితాలు పెట్టి ఫ్యాన్ కింద నిలబెట్టు. ఎండలో వేయకు.

బైండింగ్ అన్నిటికీ అక్కర్లేదు. పిల్లల కథల పత్రికలు బైండు చేయిస్తే బరువెక్కి ఎవరూ తీసుకెళ్లరు. వాటిని ఏడాదికో ఫైలు డబ్బాలో విడిగానే ఉంచు. సైన్స్, పోటీ పరీక్షల వ్యాసాలు ఉన్నవి మాత్రం ఆరు నెలలకి ఒకటి చొప్పున బైండు చేయించు. అంచులు ఎక్కువగా కోయొద్దని బైండరుకి ముందే చెప్పు, లేకపోతే పేజీ నంబర్లు పోతాయి. అవి పోతే నీ చీటీలతో పని ఉండదు.

దసరా సెలవుల్లో ఇక్కడికి వస్తావు కదా, ఆ నోట్‌బుక్ పట్టుకురా. ఖాళీ గళ్లు ఏ పత్రికవో చూసి, ఎవరికి ఏం రాయాలో కూర్చుని రాసేద్దాం. పాత కట్టల జాబితా కూడా ఒక కాగితం మీద తీసుకురా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ